పదిన్నర మెసేజి

ఇద్రీస్ రోజూ కాలేజీకి రాగానే చేసే మొదటి పని సర్వర్ గదిలో ఏసీ జాలీ ఊడదీసి, వెనక మెట్ల దగ్గర గోడకేసి తట్టడం. తెల్లారేసరికి దాని నిండా నల్లపొడి పేరుకుని ఉంటుంది. గాలి స్టీల్‌ప్లాంటు వైపు నుంచి వీస్తే పొడిపొడిగా రాలే నలుపు, సముద్రం వైపు నుంచి వీస్తే వేలికి అంటుకునే నలుపు. పంతొమ్మిదేళ్ళుగా ఆ నలుపుతో కాపురం చేస్తున్నాడు గనక గోడమీది మరక చూసి రాత్రి గాలి ఎటు వీచిందో చెప్పేయగలడు. అడిగేవాళ్ళే లేరు.

ఆ మంగళవారం కాస్త గట్టిగానే తట్టాడు. ఇంకో నాలుగు రోజులు పోతే ఆ పని కూడా ఉండదు. దువ్వాడ స్టేషన్‌కి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఇంజినీరింగ్ కాలేజీ తన మార్కులూ హాజరూ అన్నీ మూటగట్టి క్లౌడ్‌లో పెట్టేయాలని నిర్ణయించుకుంది. అంటే ఎక్కడో ఉన్న ఎవరివో పెద్ద కంప్యూటర్లలో చోటు అద్దెకి తీసుకుని అక్కడ దాచుకోవడం. శనివారం సాయంత్రం అయిదింటికి ఈ గదిలో సర్వర్ ఆపేయాలి. సర్క్యులర్‌ని ఇద్రీస్ నాలుగుసార్లు చదివాడు. సర్వర్ని ఏం చెయ్యాలో ఒక వాక్యం ఉంది, బ్యాటరీలని ఏం చెయ్యాలో ఇంకో వాక్యం ఉంది, ఏసీని లైబ్రరీకి మార్చాలని కూడా ఉంది. ఇద్రీస్‌ని ఏం చెయ్యాలో మాత్రం రాయడం మర్చిపోయారు.

ఈ మార్పిడి చేయించడానికి రుషికొండలోని ఒక కంపెనీ హిమబిందు అనే అమ్మాయిని పంపింది. ఇరవై ఆరేళ్ళుంటాయేమో, కూర్మన్నపాలెంలో స్టీల్‌ప్లాంటు ఉద్యోగి కూతురు. ఆ పిల్లని చూసి ఒళ్ళు మండించుకోవాలని ఇద్రీస్ ముందే అనుకున్నాడు గానీ అది రెండు రోజులకి మించి సాగలేదు. మొదటిరోజే జాలీ తట్టడానికి వెళ్తే తనూ వెనకాలే వచ్చి, మా ఇంట్లో బట్టలారేసినా ఇదే నలుపు సర్ అంది. రెండోరోజు ఇద్రీస్ భార్య తాహెరా పంపిన పుల్లటి పప్పు, ఖట్టీ దాల్, సగం తినేసింది. అలాంటి మనిషి మీద పగబట్టాలంటే చాలా ఓపిక కావాలి.

సర్వర్ గదికి వరండా వైపు ఒక చిన్న కిటికీ ఉంది. పాస్‌వర్డ్ మర్చిపోయిన పిల్లలు అక్కడికొచ్చి నిలబడతారు. ఇద్రీస్ పేరడుగుతాడు, ఊరడుగుతాడు, మొహం ఒకసారి చూస్తాడు, కొత్త పాస్‌వర్డ్ చీటీ మీద రాసి ఇస్తాడు. ఇకమీదట ఆ కిటికీ అక్కర్లేదు. తల్లిదండ్రుల ఫోనుకి ఆరంకెల సంఖ్య ఒకటి వస్తుంది, అది కొడితే ఖాతా తెరుచుకుంటుంది. శనివారం అయిదింటిలోగా ప్రతి విద్యార్థీ అలా ఒకసారి తెరుచుకుని తీరాలి. తెరుచుకోకపోతే సెమిస్టర్ పరీక్షకి దరఖాస్తు పెట్టుకునే దారి లేదు.

అందుకని హిమబిందు ముందుగా ఫోన్ నంబర్లు సరిచూడాలంది. ఒకే నంబరు ఇద్దరికి ఉంటే ఫర్వాలేదు, అన్నాచెల్లెళ్ళు కావచ్చు. ముగ్గురికి ఉన్నా సరే. మంగళవారం మధ్యాహ్నం ఇద్రీస్ తీసిన జాబితాలో ఒకే ఒక్క నంబరు నలభై ఒక్కమందికి ఉంది. నలభై ఒక్కమందీ హాస్టల్ ఆడపిల్లలే.

అక్కడ ఇద్రీస్ చేసిన పని గురించి దాచకుండా చెప్పుకోవాలి. అది ఎవరి నంబరో కనుక్కోవాలని కూడా అనుకోలేదు. పంతొమ్మిదేళ్ళలో ఎవరూ పట్టుకోని తప్పు తను పట్టుకున్నానన్న ఉషారు ఒక్కటే ఉంది. ఈ పనికి ఇంకా ఒక మనిషి కావాలని ప్రిన్సిపాల్ చూడాలనుకున్నాడు. కాగితం ప్రింటు తీసి, చొక్కా సర్దుకుని, పిలవకుండానే ఆయన గదికి వెళ్ళాడు.

ప్రిన్సిపాల్ సీతారామాంజనేయులు గారు మంచివాడే గానీ ఏ విషయమూ రెండోసారి ఆలోచించే అలవాటు లేనివాడు. జాబితా చూసి, బల్లమీది ఫోను స్పీకర్లో పెట్టి ఆ నంబరు నొక్కారు. అవతల మూకుడులో పోపు చిటపటలాడే చప్పుడు. తర్వాత ఒక ఆడగొంతు.

"ఆలో, ఎవులు?"

అది చిట్టమ్మ గొంతు. ఆడపిల్లల హాస్టల్లో పదిహేనేళ్ళుగా వంట చేసే చిట్టమ్మ. ఆవిడ ఉప్మా తినని మనిషి ఆ కాలేజీలో లేడు, ప్రిన్సిపాల్‌తో సహా.

పావుగంటలో చిట్టమ్మ చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. నంబరు తనదేనంది. పిల్లలు రాస్తామంటే రాసుకోమన్నానంది. ప్రిన్సిపాల్‌కి అంతా అర్థమైపోయింది. క్లాసుకి రాని పిల్లల ఇళ్ళకి రోజూ పదిన్నరకి మెసేజి వెళ్తుంది. అది ఇంటికి పోకుండా ఈవిడ ఫోను అడ్డం పెట్టుకున్నారు. ఈ ఏర్పాటు ముందుగా ఎవరు చెప్పారని ఆయన అడిగారు. చిట్టమ్మ ఒక్క క్షణం ఇద్రీస్ వైపు చూసి, మళ్ళీ నేల చూసింది.

"నాకేటి తెలుస్తాది బాబూ," అంది.

శనివారం పదకొండింటికి కమిటీ కూర్చుంటుందనీ, అంతవరకు నలభై ఒక్క ఖాతాలూ ఆపి ఉంచాలనీ, చిట్టమ్మ సంగతి ఆ రోజే తేల్చేస్తామనీ ప్రిన్సిపాల్ చెప్పారు. తేల్చడమంటే ఏమిటో గదిలో అందరికీ తెలుసు. బాగా పట్టుకున్నావయ్యా అని ఇద్రీస్‌ని మెచ్చుకున్నారు కూడా. ఆ మెచ్చుకోలు మోసుకుంటూ ఇద్రీస్ వరండాలో నడిచి వచ్చాడు. తన నోటితో తను చెప్పకపోతే ఆ మనిషి ఈపాటికి పప్పు దించుకుంటూ ఉండేది.

బుధవారం పది దాటాక హాస్టల్ వంటింటి వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. చిట్టమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. తిడుతుందేమో, తిడితే బాగుండునేమో అనుకున్నాడు. ఆవిడ పీట జరిపి కూర్చోమని, గ్లాసులో టీ పోసింది.

"నీ నంబరని తెలీలేదు చిట్టమ్మా. తెలిస్తే ముందు నీ కాడికే వద్దును," అన్నాడు ఇద్రీస్.

"తెలిస్తే రాకుండా ఉంటారేటి," అందావిడ, బియ్యంలోంచి తల ఎత్తకుండా. ఆ మాటలో దెప్పిపొడుపు ఉందేమోనని వెతికాడు. లేదు.

కిటికీ గట్టు మీద, ఉప్పు జాడీ పక్కన, బటన్ల ఫోను ఒకటి నిలబెట్టి ఉంది. సరిగ్గా పదిన్నరకి అది మోగింది. ఆ వేళ ఇద్రీస్‌కి బాగా తెలుసు. పదకొండేళ్ళ కిందట ఆ మెసేజి ఏర్పాటు చేసింది తనే. మొదటి పీరియడ్ హాజరు ఎక్కగానే రానివాళ్ళ ఇళ్ళకి సర్వరే పంపుతుంది. అది వెళ్తుందని తెలుసు గానీ, వెళ్ళి చేరాక ఏమవుతుందో ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదు.

చిట్టమ్మ చేట దించి ఫోను తీసింది. కళ్ళకి దూరంగా పెట్టుకుని చూసింది. పొయ్యి మీద పక్కగా వేడిగా ఉంచిన జావ గిన్నెలోంచి ఒక గ్లాసు నింపుకుని, ఇప్పుడే వస్తానని మెట్లెక్కింది. ఆవిడ వచ్చేలోగా ఇద్రీస్ కళ్ళు గోడ మీద పడ్డాయి. పాత కేలండర్ వెనక్కి తిప్పి మేకుకి తగిలించి ఉంది. దాని మీద బొగ్గుతో మూడేసి అంకెలు, మూడు వరసలు. కింది అంతస్తు పిల్లలవి కింద, మధ్యవి మధ్యలో, పైవి పైన, హాస్టల్ ఎలా కట్టారో అలాగే. కొన్ని అంకెల పక్కన చుక్కలు, ఒకదాని పక్కన అడ్డగీత, ఇంకోదాని పక్కన చిన్న సీసా బొమ్మ.

పది నిమిషాల తర్వాత వచ్చిందావిడ, ఖాళీ గ్లాసుతో. యశస్వినికి జ్వరమట. ముసుగుతన్ని పడుకుని ఉంది, పక్క గది పిల్లలకి కూడా చెప్పలేదు. వార్డెన్ అనూరాధ గారికి చెప్పి వచ్చానంది.

"అచ్చరాలు రావు బాబూ నాకు, అంకెలొచ్చు. మెసేజిలో పిల్ల రోలు నంబరుంటాది, దాని సివర మూడంకెలూ సూత్తాను. ఎవులో తెలిసిపోద్ది. ఆ యశస్విని తండ్రి గుజరాత్ బోట్ల మీదున్నాడు, ఫోను తగల్దు. తల్లి రొయ్యల కంపెనీలో ఒలుపుకెల్తాది, గేటు కాడే ఫోన్లు లాగీసుకుంటారంట. ఆల్లకి మెసేజి ఎల్తే ఎవులు సూత్తారు? నానైతే మెట్లెక్కితే సాలు."

చుక్కలంటే ఎన్నిసార్లు మెట్లెక్కిందో ఆ లెక్క. సీసా అంటే ఉబ్బసం మందు పీల్చే పిల్ల. అడ్డగీత అంటే పెరుగు పడదు. మరి ఊరికే క్లాసు ఎగ్గొట్టి సినిమాకి పోయినవాళ్ళ సంగతేమిటని ఇద్రీస్ అడిగాడు. ఉంటారు, ఎందుకుండరు అందావిడ. వాళ్ళ సంగతి రాత్రి భోజనాల దగ్గర చూస్తుందట.

"నా కాడ అబద్దం ఆడ్డం కట్టం బాబూ. గరిటె నా సేతిలో ఉంటాది గదా."

ఇద్రీస్ నవ్వాడు. నవ్వాక ఇంకా బాధేసింది. ఇదంతా ప్రిన్సిపాల్‌కి ఎందుకు చెప్పలేదని అడిగితే, అడిగితే గదా చెప్పడానికి అని బియ్యం చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.

గురువారం హిమబిందుతో కలిసి పాత సర్వర్‌లో మార్పుల చిట్టా తిరగేశాడు. ఏ రోజు ఎవరు ఏ వివరం మార్చారో అందులో వరసగా ఉంటుంది. చిట్టమ్మ నంబరు మొదట ఏ పిల్లకి ఎక్కిందో, ఎవరెక్కించారో తెలిస్తే, ఆ మొదలుపెట్టిన వాళ్ళని నిలదీసి చిట్టమ్మని బయటపడెయ్యొచ్చని అతని ఆలోచన. హిమబిందు వెనక్కి వెనక్కి జరుపుకుంటూ పోయింది. తొమ్మిదేళ్ళ కిందట, జులై నెలలో ఆగింది. షబ్నం అనే పిల్ల. మార్చినవారు అన్న చోట ఇద్రీస్ అని ఉంది.

ఇద్రీస్ తెర వంక చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది. కిటికీ దగ్గర ఒక పిల్ల, పక్కన చిట్టమ్మ. ఆ పిల్ల తండ్రి లేడు, తల్లికి ఫోను లేదు, మేనమామ నంబరు ఇస్తే ఎత్తడు. మామయ్యది ఒకటీ ఈ చిట్టమ్మ పిన్నిది ఒకటీ రెండూ రాయొచ్చా అని ఆ పిల్ల అడిగింది. ఇద్రీస్ కట్టిన పట్టికలో ఫోనుకి ఉన్నది ఒకే గడి. రెండో గడి పెట్టాలంటే సర్వర్ ఒక పూట ఆపాలి, అడ్మిషన్ల వేళ ఎవరాపుతారు. ఒక్కటే పడుతుందమ్మా, ఎవరెత్తుతారో వాళ్ళది చెప్పు అని, చెప్పిన నంబరు కొట్టి, వెనక నిలబడ్డ పిల్లని పిలిచాడు. ఆ తర్వాత ఏడాదినుంచి పిల్లలే ఒకళ్ళు చూసి ఒకళ్ళు దరఖాస్తులోనే ఆ నంబరు రాసుకుంటూ వచ్చారు.

మంగళవారం ఆ గదిలో చిట్టమ్మ తన వైపు ఎందుకు చూసిందో, చూసి ఎందుకు తల దించుకుందో ఇప్పుడు తెలిసింది.

"ఈ చిట్టా క్లౌడ్‌కి వెళ్ళదు సర్," అంది హిమబిందు మెల్లగా. "మార్కులు, హాజరు మాత్రమే తీసుకెళ్తన్నాం. శనివారం సర్వర్ ఆపీస్తే ఇది కూడా పోతుంది."

ఆ మాట హిమబిందు అతని మంచికే చెప్పింది. ఇద్రీస్‌కి కూడా ఒక నిమిషం మంచిగానే వినపడింది. ఎవరికీ తెలియదు. ఇప్పటికే సర్క్యులర్‌లో చోటు లేనివాడు, పైగా ఇది కూడా నెత్తినేసుకుంటే సోమవారం గేటు లోపలికి రానిస్తారో లేదో.

ఆ సాయంత్రం బస్సు గాజువాక, మల్కాపురం, సింధియా దాటి పాతబస్తీ చేరేదాకా అదే ఆలోచన. ఇంటికెళ్ళి తాహెరాకి చెప్పాడు. తాహెరా ఉర్దూలో అన్నదాన్ని తెలుగులోకి తెస్తే పదును కొంత తగ్గుతుంది గానీ, సారం ఇది: ఆవిడ నోరు విప్పకుండా నిన్ను కాస్తోంది, నువ్వు వంటావిడ కొంగు చాటున నక్కి కూర్చుంటావా. ఆ తర్వాత చేపల పులుసు వడ్డించింది. ఇద్రీస్ ముల్లు తీయడం కూడా మర్చిపోయి తిన్నాడు.

శుక్రవారం చిట్టాలో ఆ పేజీ ప్రింటు తీసి జేబులో పెట్టుకున్నాడు.

శనివారం కమిటీలో ప్రిన్సిపాల్, వార్డెన్ అనూరాధ, సాంకేతిక వివరాలు చెప్పడానికి ఇద్రీస్, హిమబిందు. గుమ్మం బయట బెంచీ మీద చిట్టమ్మ, ఉతికిన చీర కట్టుకుని కూర్చుంది. ఫోను ఒళ్ళో ఉంది. పదిన్నర మెసేజి వచ్చే వేళకి వంటిల్లు వదిలి రావలసి వచ్చిందని ఆవిడ దిగులు.

ప్రిన్సిపాల్ మొదలుపెట్టబోతుండగానే ఇద్రీస్ లేచాడు. మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"మొదటి నంబరు ఎక్కించింది నానే సార్. ఒక్కటే గడి ఉందని, ఎత్తీవోళ్ళ నంబరు చెప్పమని నానే అన్నాను. అదే తప్పయితే ఆ తప్పు నాది. నాను మర్చిపోయాను, ఆవిడ మర్చిపోలేదు. అయినా నా పేరు చెప్పలేదు."

ప్రిన్సిపాల్ కాగితం చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. రెండోసారి ఆలోచించడం ఆయనకి కొత్త గనక కాస్త సమయం పట్టింది. అది ఎవరు మొదలుపెట్టినా పిల్లలు క్లాసులు ఎగ్గొట్టి తప్పించుకోడానికే గదా పనికొచ్చిందన్నారు. అప్పుడు ఇద్రీస్ పదిన్నరకి వంటింట్లో చూసినదంతా చెప్పాడు. గోడమీది కేలండర్ గురించీ చెప్పాడు.

ఆయన అనూరాధ వైపు తిరిగారు. హాస్టల్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో మీకెలా తెలుస్తుందని అడిగారు. అనూరాధ తన రిజిస్టర్ తెరిచింది. రోగి పేరు, గది, వేళ. పది నలభై, పది నలభై అయిదు, పది యాభై. పేజీ తిప్పింది. పది నలభై. ఆవిడ వేలు ఆ గడుల వెంట కిందికి జరుగుతూ జరుగుతూ నెమ్మదించింది.

"చిట్టమ్మ వచ్చి చెప్తుంది సార్," అంది. "ఎప్పుడూ చిట్టమ్మే చెప్తుంది. ఆవిడకెలా తెలుస్తుందని నేనెప్పుడూ అడగలేదు."

పద్దెనిమిది వందలమంది పిల్లల్లో రానివాళ్ళ ఇళ్ళకి రోజూ మెసేజీలు వెళ్తున్నాయి. వాటిని చూసి లేచి వెళ్ళే మనిషి ఎక్కడైనా ఉందంటే ఇప్పుడు బయట బెంచీ మీద ఉంది.

ప్రిన్సిపాల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కొత్తదాంట్లో ఎన్ని నంబర్లు పడతాయని హిమబిందుని అడిగారు.

"అయిదు దాకా పడతాయి సర్. స్థానిక సంరక్షకులని వేరే గడి కూడా ఉంది. ఒకే మనిషి ఎంతమందికైనా ఉండొచ్చు."

ఇద్రీస్‌కి ఆ మాట గుచ్చుకుంది, హాయిగానూ అనిపించింది. పంతొమ్మిదేళ్ళు ఒళ్ళు తుడిచి, గాలి పోసి సాకిన తన సర్వర్ ఒక్క గడి పెట్టలేకపోయింది. నిన్న మొన్న పుట్టిన ఈ క్లౌడ్ అయిదు తెచ్చింది. ఒప్పుకోక తప్పదు.

ఇంటి నంబరు ఒకటీ, చిట్టమ్మ నంబరు ఇంకొకటీ ఎక్కించమన్నారు ప్రిన్సిపాల్. బెంచీ మీదున్న ఆవిడని వంటకి ఆలస్యమవుతోంది వెళ్ళమనండి అన్నారు. అంతకన్నా క్షమాపణ ఆయనకి చేతకాదు. మరి తనేం చెయ్యాలని ఇద్రీస్ అడిగితే, చూద్దాం అన్నారు.

మధ్యాహ్నం రెండింటికి సర్వర్ గది కిటికీ ముందు నలభై ఒక్కమంది వరస కట్టారు. జ్వరం తగ్గిన యశస్విని దుప్పటి కప్పుకునే వచ్చింది. లోపల ఇద్రీస్ స్టూలు మీద చిట్టమ్మ కూర్చుంది. ఒక్కో పిల్ల పేరు హిమబిందు నొక్కగానే చిట్టమ్మ ఫోను మోగేది. ఆవిడ ఫోను దూరంగా పట్టుకుని ఆరంకెలూ పైకి చదివేది, పిల్ల కొట్టుకునేది, ఖాతా తెరుచుకునేది. ఇరవై మంది దాటాక ఆవిడకి సరదా పుట్టి, బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు రాగం తీసింది. పిల్లలు కూడా అందుకున్నారు. ఆ గదిలో అంత సందడి ఇద్రీస్ ఎన్నడూ వినలేదు.

నాలుగున్నరకి ఆఖరి పిల్ల కూడా అయిపోయింది. సంరక్షకుల గడికి మెసేజి వెళ్తుందో లేదో చూడాలి, స్టాఫ్ హాజరు కూడా ఇక ఇందులోనే గనక మీ పేరు వాడుకోనా సర్ అంది హిమబిందు. వాడుకోమన్నాడు. ఏ నంబరు పెట్టనని అడిగితే, ఎదురుగా ఉన్న మనిషిని చూపించాడు. ఇద్రీస్ స్టాఫ్ నంబరుతో ప్రయోగం మెసేజి వచ్చింది, చిట్టమ్మ చూసి తలూపింది, అందరూ ఆ సంగతి మర్చిపోయారు.

అయిదింటికి ఇద్రీస్ సర్వర్ ఆపాడు. ఒక్కో పంకా తిరిగి తిరిగి ఆగింది. ఏసీ కూడా ఆపేశాడు. జాలీ ఊడదీసి, ఆఖరిసారి తట్టి, మళ్ళీ దాని చోట దాన్ని పెట్టాడు. కన్నీళ్ళు వస్తాయనుకున్నాడు గానీ చిట్టమ్మ రాగం చెవుల్లో ఉండి రానివ్వలేదు.

సోమవారం పొద్దున్న మాత్రం వచ్చాయి. స్నానం చేశాడు, చొక్కా వేసుకున్నాడు, బస్సు వేళకి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి కూర్చున్నాడు. వెళ్ళి ఏం చెయ్యాలి? తట్టడానికి జాలీ లేదు. తను వెళ్ళినా వెళ్ళకపోయినా అక్కడ తెలిసేదెవరికి? తాహెరా రెండుసార్లు అడిగి, మూడోసారి అడగకుండా టిఫిన్ డబ్బా కట్టి బల్ల మీద పెట్టి తన పనిలో పడింది. ఇద్రీస్ గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాడు. పదిన్నర అయింది.

పది నలభైకి ఫోను మోగింది. చిట్టమ్మ.

"ఏటి బాబూ, ఒంట్లో బాగులేదేటి? మెసేజొచ్చింది."

ఇద్రీస్ బాగానే ఉన్నానన్నాడు.

"బాగుంటే రాలేదేటి మరి? పిల్లలు కిటికీ కాడ నిలబడున్నారు. పాసువర్డు మర్సిపోనారంట. పిన్సిపాలు గారు కూడా వొచ్చి తలుపు తోసి సూసెల్లేరు."

ఆ మెసేజి తనదని ఆవిడకెలా తెలిసిందని అడిగాడు, తెలిసీ.

"సివర మూడంకెలూ సున్నా ఒకటేడు. శనివారం నాడే కేలండర్లో రాసీసేను. మీది ఏ అంతస్తో తెలీక, అన్నిటికన్నా అడుగున రాసేను. బేగి రండి, నాను మెట్లెక్కి మీ ఊరు దాకా రాలేను."

ఇద్రీస్ ఫోను పెట్టేసి, బల్ల మీది టిఫిన్ డబ్బా తీసుకుని, చెప్పుల కోసం చూసుకున్నాడు.